అలారం మోగింది, మేము పక్కకు తిరిగి పడుకున్నాం

ఈ పోస్ట్ పొడుగు ఉంటది. ఆర్డర్ల మధ్యలో కాదు, డ్యూటీ దిగినాక నిమ్మళంగా చదవండి. లండన్‌లో బండి మీద బతికే మనోళ్ల కోసం రాస్తున్నాం. మేము అంటే ఈస్ట్ హామ్‌లో ఒకే ఇంట్లో ఉండే ఐదుగురం. ముగ్గురిది తెలంగాణ, ఇద్దరిది ఆంధ్ర. ఐదుగురికీ బండ్లు ఉండేవి. ఇప్పుడు నాలుగే ఉన్నాయి.

పోయిన నవంబర్‌లో ఒక రాత్రి రెండున్నర దాటాక వీధిలో అలారం మోగింది. ఐదుగురికీ వినబడింది. దీన్ని దాచి లాభం లేదు, పొద్దున ఒకరి ముఖం ఒకరు చూసుకుని అందరం ఒప్పుకున్నాం. విన్నాం, "మళ్లీ మొదలైంది" అనుకున్నాం, దుప్పటి చెవుల మీదికి లాక్కుని పక్కకు తిరిగి పడుకున్నాం. అర నిమిషం మోగి ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. ఇక మోగలేదు. గాలి తగ్గిందేమో అనుకున్నాం. బండి పోయిందని అనుకోలేదు.

పోయింది మా నల్గొండ తమ్ముడి బండి. సెకండ్ హ్యాండ్ 125 స్కూటర్, 2,300 పౌండ్లు పెట్టి కొన్నాడు. అందులో సగం పైన వాళ్ల అక్క చిట్టీ ఎత్తి పంపిన పైసలు. వాడు మాస్టర్స్ అయిపోయి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు, పగలంతా ఉద్యోగాలకు అప్లై చేస్తూ సాయంత్రం నుంచి డెలివరీ. పొద్దున తలుపు తీసి చూస్తే బండి నిలబెట్టిన చోట విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒకటి, నూనె మరక ఒకటి. వాడు ఏడవలేదు. "అన్నా, అలారం మోగలేదా?" అని అడిగాడు. వాడు ఇంటి వెనక గదిలో పడుకుంటాడు, వాడికి సన్నగానే వినిపించిందట. రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో పడుకునేది మేము ముగ్గురం. ఆ ప్రశ్నకు ఆ పొద్దున మా దగ్గర జవాబు లేదు.

ఎందుకు లేవలేదో చెప్పాలంటే ఆ అలారం సంగతి చెప్పాలి. ఆన్‌లైన్‌లో 22 పౌండ్లకు కొన్నది. పెట్టె మీద 120 డెసిబెల్స్ అని పెద్ద అక్షరాలు. మా తమ్ముడు భయంతో దాని సెన్సిటివిటీ పూర్తిగా పెంచి పెట్టాడు. రాత్రి బస్సు పోతే మోగేది, నక్క రాసుకుని పోతే మోగేది, వాన గట్టిగ పడ్డా మోగేది. మూడు వారాలు అట్లనే నడిచింది. ఎదురింటి ముసలాయన రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. మేము కూడా "ఏందిరా ఈ లొల్లి, బంద్ చెయ్యరాదు?" అని కసురుకున్నాం. అంటే దొంగ రాకముందే ఆ అలారం విలువను మేమే చంపేశాం. నాన్నా పులి కథ మనందరం చిన్నప్పుడే చదువుకున్నాం, ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత మేము కూర్చుని ఈ బండి కాపలా వస్తువులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో, ఏది దేనికి పుట్టిందో చదవడం మొదలుపెట్టాం. మొదట ఏది కొనాలో తెలుసుకుందామని మొదలుపెట్టాం. చదువుతుంటే ఇది వందేళ్ల కథ అని అర్థమైంది. ఆ కథ తెలియకుండా కొంటే మళ్లీ 22 పౌండ్ల చప్పుడే కొంటాం.

తాళం చెవి లేని రోజులు

మోటార్ సైకిల్‌ను వరసగా తయారు చేసి అమ్మడం 1894లో జర్మనీలో, హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ కంపెనీతో మొదలైంది. మొదటి తరం బండ్లకు మనకు తెలిసిన ఇగ్నిషన్ తాళం చెవి లేదు. తర్వాత మాగ్నెటో వచ్చాక కూడా చాలా బండ్లకు బ్యాటరీతోనే పని లేదు, ఇంజన్ తిరిగితే నిప్పురవ్వ అదే పుడుతుంది. అంటే తోసి స్టార్ట్ చేయగలిగినవాడు ఎవడైనా తీసుకుపోవచ్చు. యజమానికి ఉన్న ఉపాయం ఒక్కటే, నిప్పురవ్వ పోయే దారి తెంపడం.

ఇది చదివినప్పుడు మా కరీంనగర్ అన్నకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. ఆయనకు రాజ్‌దూత్ ఉండేది. వేములవాడ జాతరకు పోతే బండి నిలబెట్టి, పెట్రోల్ కాక్ బంద్ చేసి, ప్లగ్ క్యాప్ పీకి లుంగీ మడతలో పెట్టుకునేవాడట. బండి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆమెకు "అవ్వా, జర చూస్తుండు" అని చెప్పి పోయేవాడు. చప్పుడు చేసేది ఏదీ లేదు. కానీ బండి కదలదు, పక్కన ఒక మనిషి చూస్తూ ఉంటుంది. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి, మొత్తం కథ వీటి చుట్టే తిరుగుతుంది.

అమెరికాలో 1919లోనే సెయింట్ జార్జ్ ఎవాన్స్, ఎడ్వర్డ్ బర్కెన్‌బ్యూల్ అనే ఇద్దరు కారు కోసం ఒక పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. మూడు వరసల్లో మూడేసి స్విచ్‌లు. ఏ స్విచ్‌లు ఎట్ల పెట్టాలో యజమానికి మాత్రమే తెలుసు. సరిగ్గా పెట్టకపోతే కరెంటు ఇంజన్‌కు పోకుండా హారన్‌కు పోతుంది. బండి స్టార్ట్ కాదు, పైగా కూత పెడుతుంది. మన ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇమ్మొబిలైజరూ అలారమూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఒకటి ఆపేది, ఇంకొకటి అరిచేది. తర్వాత మార్కెట్ ఈ రెండింటినీ విడదీసింది. అరిచేది చవక, ఆపేది ఖరీదు. మనలాంటోళ్లం చవకది కొని రెండూ కొన్నామనుకుంటాం.

హ్యాండిల్ తాళం, హెల్మెట్

1961లో పశ్చిమ జర్మనీ కొత్త కార్లకు స్టీరింగ్ తాళం తప్పనిసరి చేసింది, రెండేళ్లలో పాత కార్లకు కూడా పెట్టించింది. కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్‌లో 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే పెట్టారు. ఏమైంది? కొత్త కార్లు పోవడం తగ్గింది, పాత కార్లు పోవడం పెరిగింది. దొంగ మానలేదు, పక్క బండికి మారాడు. ఇంగ్లండ్ హోం ఆఫీస్ పరిశోధకులు 1976లోనే ఈ సంగతి రాశారు.

మన బండ్లకు హ్యాండిల్ తాళం ఉంటుంది. 1993లో యూరప్ నిబంధన కూడా వచ్చి రెండు చక్రాల బండ్ల తాళాలకు ప్రమాణాలు పెట్టింది. కానీ మోటార్ సైకిల్‌కు ఒక చిక్కుంది. హ్యాండిల్ బారే పొడుగైన మీట. దాని కొన మీద గట్టిగ తంతే ఆ బలమంతా లోపలున్న చిన్న ఇనుప ముక్క మీద పడుతుంది. మా తమ్ముడి బండి దగ్గర దొరికిన ప్లాస్టిక్ ముక్క అట్ల విరిగినప్పుడు పడ్డదే అయి ఉంటుందని మెకానిక్ అన్నాడు. హ్యాండిల్ తాళం వేయొద్దని కాదు, తప్పకుండా వేయండి. కానీ అది ఒక్కటే కాపలా అనుకోవద్దు.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి. పశ్చిమ జర్మనీలో హెల్మెట్ 1976లోనే తప్పనిసరి. అయినా 1980 ఆగస్టు నుంచి పెట్టుకోనివాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. ఆ ఏడు మోటార్ సైకిల్ దొంగతనాలు లక్షన్నర చుట్టూ ఉంటే, 1986 నాటికి సుమారు 54 వేలకు పడిపోయాయి. ఏ కొత్త తాళం రాలేదు, ఏ అలారం రాలేదు. దారిన పోతూ ఆశపడి బండి ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు. హెల్మెట్ లేకుండా పోతే మొదటి మలుపులోనే పోలీసు ఆపుతాడు. అంటే దొంగను ఆపింది బండికి తగిలించిన వస్తువు కాదు, "ఎవరో ఒకరు నన్ను చూస్తారు" అన్న భయం. కొబ్బరికాయల అవ్వ చేసిన పని అదే.

ఇమ్మొబిలైజర్ వచ్చింది, మన బండికి కాదు

1990ల మొదట్లో బ్రిటన్‌లో కార్ల దొంగతనాలు ఎన్నడూ లేనంత పెరిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు పరిహారాలు కట్టలేక, తమ పరిశోధనా కేంద్రంతో అలారాలను, ఇమ్మొబిలైజర్లను పరీక్షించి తరగతులు ఇప్పించడం మొదలుపెట్టాయి. ఆ కేంద్రం 1969లో బర్క్‌షైర్‌లోని థాచమ్ ఊర్లో పెట్టింది. అందుకే ఇప్పటికీ మన ఇన్సూరెన్స్ ఫారంలో "థాచమ్ ఆమోదం ఉందా?" అని అడుగుతారు. క్యాటగిరీ 1 అంటే అలారం, ఇమ్మొబిలైజర్ రెండూ కలిసి ఉన్నది. క్యాటగిరీ 2 అంటే ఇమ్మొబిలైజర్ మాత్రమే. చూశారా, 1919లో ఒకే పెట్టెలో ఉన్న రెండు పనులు మళ్లీ కలిసింది క్యాటగిరీ 1లోనే. గొలుసులకు, తాళాలకు వేరే సంస్థ ఉంది, సోల్డ్ సెక్యూర్. అది 1992లో పోలీసుల చొరవతో మొదలైంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గుర్తులు ఇస్తుంది.

1998 అక్టోబర్ నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. తాళం చెవి తలలో చిన్న చిప్, బండిలో దాన్ని చదివే చుట్ట. చిప్ సరైన జవాబు చెప్పకపోతే ఇంజన్ మేలుకోదు. కానీ ఆ నిబంధన మోటార్ సైకిళ్లకు పెట్టలేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము కొన్ని మోడళ్లకు పెట్టాయి, చాలా చిన్న బండ్లకు పెట్టలేదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మొదటి ప్రశ్న "ఎన్ని మైళ్లు తిరిగింది?" కాదు, "చెవిలో చిప్ ఉందా, రెండు చెవులూ ఉన్నాయా?" అని.

రిమోట్ సంగతి కూడా చెప్పాలి. తొలి రిమోట్లు ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి. పక్కన రేడియో పెట్టుకున్నవాడు ఆ కోడ్ పట్టుకుని మళ్లీ వదిలితే అలారం నోరు మూసుకునేది. దీనికి విరుగుడుగా 1980లలో దక్షిణాఫ్రికాలో కీలాక్ అనే పద్ధతి తయారైంది, 1995లో అమెరికా కంపెనీ మైక్రోచిప్ కొనుక్కుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, పాత కోడ్ పనికిరాదు. దీన్నే రోలింగ్ కోడ్ అంటారు. 2007, 2008లలో పరిశోధకులు కీలాక్‌ను కూడా ఛేదించే దారి చూపించారు. అయినా మన వీధి దొంగ అంత చదువు చదువుకోడు. మన స్కూటర్ బరువు 130 కిలోల చుట్టూ ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే వ్యాన్‌లోకి ఎక్కుతుంది. ఎంత మంచి ఇమ్మొబిలైజర్ అయినా ఇంజన్‌నే ఆపుతుంది, మోసుకుపోయేవాడిని ఆపదు.

కూత గొడవ అయిన కథ

అలారం మోగితే జనం వస్తారన్నది దాని పునాది. మన ఊర్లో "దొంగ, దొంగ" అని అరిస్తే నాలుగిళ్ల వాళ్లు కట్టె పట్టుకుని వస్తారు. ఇక్కడ ఆ పునాది చాలా ముందే కదిలింది. బ్రిటన్‌లో 1986 నాటి వాహన నిబంధనల్లోనే వాహనం అలారం ఐదు నిమిషాలకు మించి ఆగకుండా మోగకూడదు అని రాశారు. 1993లో ఇంకొక చట్టం వచ్చి, వీధిలో వాహనం నుంచి వచ్చే చప్పుడును కూడా జనానికి ఇబ్బందిగా లెక్కగట్టి, దాన్ని ఆపించే అధికారం కౌన్సిళ్లకు ఇచ్చింది. ఆలోచించండి. దొంగను పట్టించడానికి పుట్టిన కూత మీదనే చట్టం చేయాల్సి వచ్చింది. ఎందుకంటే అది దొంగ లేనప్పుడే ఎక్కువ మోగింది. మా ఇంట్లో మూడు వారాల్లో జరిగింది, ఈ దేశంలో కొన్నేళ్లలో జరిగింది.

2017, డెలివరీ వాళ్ల మీదికి వచ్చిన ఏడాది

లండన్‌లో 2016, 2017లలో మోపెడ్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. ఎత్తుకుపోయిన బండి మీద ఇద్దరు ఎక్కి ఫోన్లు, బ్యాగులు లాక్కుపోయేవాళ్లు. వెంటబడితే కొందరు హెల్మెట్ తీసి పారేసేవాళ్లు. హెల్మెట్ లేనివాడిని పోలీసులు తరమరని వాళ్ల నమ్మకం. జర్మనీలో దొంగను పట్టించిన హెల్మెట్, ఇక్కడ లేకపోవడమే దొంగకు అడ్డు అయింది. తర్వాత పోలీసులు అవసరమైతే బండిని కారుతో తాకించి ఆపడం దాకా పోయారు.

2017 జూలై 13 రాత్రి హాక్నీ, ఇస్లింగ్టన్, స్టోక్ న్యూవింగ్టన్ వైపు గంటన్నర లోపు ఐదుగురి మీద యాసిడ్ దాడులు జరిగాయి. బండి మీద కూర్చున్నవాళ్ల ముఖం మీద పోసి బండి లాక్కోవడానికి. దెబ్బ తిన్నవాళ్లలో డెలివరీ చేసేవాళ్లు ఉన్నారు. కొన్ని రోజులకే డెలివరీ రైడర్లు బండ్లతో పార్లమెంట్ ముందుకు పోయి నిలబడ్డారు. బయట యాసిడ్ దగ్గర పెట్టుకుని తిరగడమే నేరం అని 2019 చట్టంలో వచ్చింది. ఆ పార్లమెంట్ ముందు నిలబడ్డవాళ్లు చాలామంది మనలాగే వేరే దేశం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, కానీ ఈరోజు మనం కొంచెం భయం తక్కువతో తిరుగుతున్నామంటే వాళ్ల పాలు కూడా ఉంది.

ఆ ఏడాదే మెట్రోపాలిటన్ పోలీసులు "తాళం వేయి, గొలుసు కట్టు, కవర్ కప్పు" అని ప్రచారం చేశారు. అందులో అలారం అన్న మాట లేదు, గమనించారా? అలారం వద్దని కాదు. మొదట బండి కదలకూడదు, కనబడకూడదు. కూత ఆ తర్వాతి మాట.

మరి ఏం కొనాలి

మాకు అర్థమైంది ఇది. దొంగతనం ఒకటి కాదు, నాలుగు రకాలు. ఏ రకానికి ఏది పనిచేస్తుందో చూసుకుని కొనాలి.

మొదటిది, రెస్టారెంట్ ముందు చెవి బండికే వదిలి లోపలికి పోవడం. దీనికి ఏ అలారమూ పనికిరాదు. చాలా పాలసీల్లో చెవి బండికే ఉంటే పరిహారం ఇవ్వం అని రాసి ఉంటుంది. రెండు నిమిషాలే కదా అనుకుంటాం. చెవి తీసి జేబులో వేసుకోవడానికి రెండు సెకన్లు.

రెండోది, హ్యాండిల్ విరిచి తోసుకుపోవడం. పక్కన ఇంకొక బండి మీద ఉన్నవాడు మన బండిని కాలితో నెడుతూ పోతాడు, ఇంజన్ స్టార్ట్ చేయాల్సిన పని లేదు. దీనికి డిస్క్ తాళం పనిచేస్తుంది. అలారం ఉన్న డిస్క్ తాళమైతే పగలు ఆర్డర్ల మధ్య బాగుంటుంది, కదిపితే అక్కడే అరుస్తుంది, మనం దగ్గర్లోనే ఉంటాం కాబట్టి వినబడుతుంది. కానీ రెండు జాగ్రత్తలు. తాళం తీయకుండా బండి కదిలిస్తే మనమే కింద పడతాం, అందుకే తాళం నుంచి హ్యాండిల్‌కు రంగు తీగ కట్టుకోండి. రెండోది, లోపల బటన్ సెల్స్ ఉంటాయి, చలికి తొందరగా నీరసపడతాయి. దసరాకు ఆయుధపూజ చేస్తాం కదా, ఆ రోజే సెల్స్ మార్చండి. గుర్తుంటుంది.

మూడోది, వ్యాన్‌లోకి ఎత్తుకుపోవడం. రాత్రి జరిగేది ఎక్కువ ఇదే. దీనికి బండిని భూమికో గోడకో కట్టేయాలి. లావు గొలుసు, సోల్డ్ సెక్యూర్ గుర్తు ఉన్నది, ముందు చక్రానికి కాదు, కుదిరితే ఫ్రేముకు, లేకపోతే వెనక చక్రానికి. ముందు చక్రం విప్పడం తేలిక. గొలుసు నేలకు ఆనకుండా పైకి బిగించండి. నేలకు ఆనితే దాని మీద సుత్తితో కొట్టడం, కట్టర్ పెట్టి బరువు వేయడం సులువు. బ్యాటరీ గ్రైండర్‌తో ఏ గొలుసైనా చివరికి తెగుతుంది. మనం కొనేది ఆ కొన్ని నిమిషాలనే. ఆ నిమిషాల్లో అలారం మోగితే, విన్నవాడు లేస్తే, అప్పుడే మన పైసలకు విలువ.

నాలుగోది, మనం బండి మీద ఉండగా లాక్కోవడం. దీనికి ఒక్కటే మాట. ఇచ్చేయండి. చెవి ఇచ్చి వెనక్కి జరగండి. బండి ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇంటి దగ్గర అమ్మకు కొడుకు ఇంకోడు దొరకడు.

ఇక బండికి బిగించే అలారం కొనేటప్పుడు చూడాల్సినవి. థాచమ్ క్యాటగిరీ 1 అయితే మంచిది, తెలిసినవాడి చేత బిగించి సర్టిఫికెట్ తీసుకోండి. వంచితే గుర్తుపట్టే సెన్సర్ ఉండాలి, ఎందుకంటే వ్యాన్‌లోకి ఎత్తేవాడు బండిని కొట్టడు, మెల్లగా వంచుతాడు. అలారంకు సొంత బ్యాటరీ ఉండాలి, లేకపోతే బండి బ్యాటరీ వైరు తెంపగానే నోరు పడిపోతుంది. రిమోట్ రోలింగ్ కోడ్ అయి ఉండాలి. సెన్సిటివిటీ తగ్గించుకునే వీలు ఉండాలి.

ఇంకొక లెక్క. మన 125 స్కూటర్ బ్యాటరీ సుమారు 6 ఆంపియర్ అవర్లు ఉంటుంది. అలారం కాపలాలో ఉన్నప్పుడు 5 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 0.12 ఖర్చు, లెక్కకు 50 రోజులు వస్తుంది. చవక అలారం 20 మిల్లీ ఆంపియర్లు లాగితే 12 రోజులే. బ్యాటరీ సగం పడిపోతేనే చలిలో స్టార్ట్ కావడం కష్టం, కాబట్టి ఇందులో సగమే నమ్మండి. ఇండియాకు నెల రోజులు పోయి వచ్చేవాళ్లు ఈ లెక్క వేసుకుని పోండి.

ట్రాకర్ గురించి అడుగుతున్నారు. 2019 నుంచి థాచమ్ వీటికి ఎస్5, ఎస్7 అని కొత్త గుర్తులు ఇచ్చింది. ఎస్7 అంటే 24 గంటలు చూసే కేంద్రం ఉన్న ట్రాకర్. ఎస్5లో దానికి తోడు నడిపేది యజమానేనా అని గుర్తుపట్టడం, దూరం నుంచి బండి స్టార్ట్ కాకుండా చేయడం కూడా ఉంటాయి. నెలనెలా కట్టాలి. ట్రాకర్ దొంగను ఆపదు, బండి ఎక్కడుందో చెబుతుంది. చెప్పిన చోటికి మీరు ఒంటరిగా పోవద్దు. దొంగతనం జరుగుతుంటే 999, జరిగిపోయాక 101. క్రైమ్ నంబర్ రాసి పెట్టుకోండి. బండి కాగితాలు సీటు కింద డిక్కీలో పెట్టకండి, బండితో పాటు అవి కూడా పోతాయి.

చివరిగా ఇన్సూరెన్స్. డెలివరీ చేస్తే దానికి తగిన పాలసీనే ఉండాలి, మామూలు పాలసీ చెల్లదు. మా తమ్ముడు ఆ వరకు సరిగానే తీసుకున్నాడు. కానీ ఫారంలో "ఆమోదం ఉన్న అలారం" అన్న చోట టిక్ పెట్టాడు. ప్రీమియం కొంచెం తగ్గిందట. 22 పౌండ్ల అలారానికి ఆమోదం ఎక్కడిది? బండి పోయాక బిల్లు, సర్టిఫికెట్ అడిగారు. లేవు. క్లెయిమ్ తిప్పి పంపారు. తప్పు వాళ్లది అనడానికి లేదు. ఒక్క టిక్‌కు 2,300 పౌండ్లు పోయాయి. ఉన్నదే రాయండి. లేనిది రాస్తే అది కాగితం మీద తాళం, ఎవరి చేతికైనా ఊడి వస్తుంది.

ఇప్పుడు మేము ఏం చేస్తున్నాం

నాలుగు బండ్లను ఒకదానికొకటి కలిపి, ఇంటి ముందు గోడలో ఓనర్‌ను అడిగి దిగేసిన కొక్కేనికి గొలుసు వేస్తున్నాం. మీద కవర్ కప్పుతున్నాం. సెన్సిటివిటీ తగ్గించి, ఒక ఆదివారం కూర్చుని ఒక్కో బండిని కదిపి, వంచి, తన్ని చూసుకున్నాం. గాలికి మోగకూడదు, చెయ్యి పడితే మోగాలి. ఎదురింటి ముసలాయన దగ్గరికి పోయి చెప్పాం, "తాతా, ఇక ఊరికే మోగదు, మోగితే మాత్రం నిజమే" అని. ఆయన నవ్వాడు. ఒక రూల్ పెట్టుకున్నాం. మోగితే అందరం లేస్తాం. లైట్లన్నీ వేస్తాం. కిందికి దిగం, కిటికీ తీసి అరుస్తాం, ఒకరు 999 చేస్తారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మోగింది. ఐదుగురం లేచాం. లైట్లు వేసి కిటికీ తీసి మా తెనాలి అన్న "ఎవర్రా అది" అని తెలుగులోనే కేక పెట్టాడు. ఇద్దరు కవర్ వదిలేసి నడుచుకుంటూ పోయారు. పరుగెత్తలేదు కూడా, నడుచుకుంటూ పోయారు. ఎదురింట్లో కూడా లైటు వెలిగింది. మాకు చాలా సంతోషం అయింది, టీ పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం.

మధ్యాహ్నం తెలిసింది, అదే రాత్రి పక్క వీధిలో ఇంకొకరి బండి పోయింది. మనలాగే డెలివరీ చేసే బంగ్లాదేశ్ అతను. మేము తరిమినవాళ్లే పోయి తీసుకున్నారో వేరే వాళ్లో చెప్పలేం. కానీ 1971లో కొత్త కార్లకు తాళాలు వేస్తే పాత కార్లు పోయిన సంగతి చదివిన మాకు ఆ టీ చేదుగా అనిపించింది. మా ఇంటి వరకు కాపలా పెట్టుకుంటే దొంగను పక్కింటికి పంపినట్టే.

అందుకే ఈ పోస్ట్. అలారం కొనండి, మంచిదే కొనండి. కానీ అది కాపలా కాదు, కేక మాత్రమే. కేకకు లేచే మనిషి ఉంటేనే అది పనిచేస్తుంది. మీ వీధిలో బండి ఉన్న ప్రతి ఒక్కరి నంబర్ తీసుకోండి, ఏ దేశం, ఏ భాష అని చూడకండి. పక్క వీధి బంగ్లాదేశ్ భాయ్ నంబర్ మేము తీసుకున్నాం. రెండు వీధుల్లో కలిపి ఇప్పుడు పదకొండు మందిమి అయ్యాం.

మా నల్గొండ తమ్ముడు ఇప్పుడు గోదాములో రాత్రి షిఫ్ట్ చేస్తున్నాడు. చిట్టీ ఇంకా ఏడు నెలలు కట్టాలి. ఆ డబ్బులో మేము నలుగురం నెలకు కొంత వేస్తున్నాం. వాడు వద్దన్నాడు. మేము వినలేదు. ఆ రాత్రి లేవనందుకు అది మా వంతు.